తోట బడి నుండి ఫారము బడికి

తోట లైనులో పిల్లవాడు పెద్దవాడాయెనని ఇంటివారందరికిని ఒక్కసారిగా తెలియు దినమొకటి కలదు. అది వాడు నీలి లాగు విడిచి ఆకుపచ్చ లాగు తొడుగు దినము. మలేసియా దేశమున ప్రాథమిక పాఠశాలకు పోవు బాలురు తెల్ల చొక్కాయయు ముదురు నీలి లాగును ధరింతురు. ఆరవ తరగతి ముగించి మాధ్యమిక పాఠశాలలో, అనగా తోటవారు ఫారము బడి యని పిలుచు దానిలో, చేరినప్పుడు ఆ నీలి లాగు పోయి ఆకుపచ్చ పొడుగు లాగు వచ్చును. బాలికలకు ముదురు నీలి గౌనునకు మారు లేత నీలపు గౌను వచ్చును. తల్లి ఆ క్రొత్త లాగు అంచును లోనికి పెద్దగా మడిచి కుట్టించి, “రెండేండ్లయినా రావాల” అనుకొనును. బట్ట రెండేండ్లు వచ్చును. దానిని తొడిగినవాడు రెండేండ్లు ఆ బడిలో నిలుచునా యనునదియే తెలియదు.

తోట బడిలో పంతులమ్మగారికి పిల్లవాని తండ్రి ఏ తుండులో పని చేయునో, తల్లికి ఎప్పుడు జ్వరము వచ్చెనో అంతయు తెలియును. ఒక్క ఆమెయే పలు పాఠములు చెప్పును. ఫారము బడిలో గంట కొట్టినప్పుడెల్ల ఒక గురువు పోవును, మరియొకరు వత్తురు. చరిత్రకు ఒకరు, భూగోళమునకు ఒకరు, శాస్త్రమునకు ఒకరు. తోట బడి పిల్లలనందరిని ఒకచోట నిలువబెట్టినను, ఇక్కడి ఒక్క ఫారములోని పిల్లలంతమంది కాకపోవచ్చును. వారిలో మలయులు, చీనావారు, తమిళులు కలరు. తెలుగు బిడ్డలు ఒకరిద్దరే యుందురు, ఒక్కొక్కప్పుడు ఒక్కరే. వయస్సు చూడగా పండ్రెండు, పదుమూడు. యేసు పండ్రెండేండ్లవాడై యుండగా దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండెననియు, తలిదండ్రులు మూడు దినములు వెదకిరనియు లూకా వ్రాసియున్నాడు. ఆ ప్రాయపు బిడ్డను ఇంటివారు ఎప్పుడును కొంత వెదకవలసియే యుండును, బిడ్డ ఎదుటనే కూర్చుండి అన్నము తినుచున్నను.

ఫారము బడి తలుపు తోట బిడ్డలకు తెరచుకొనుటకు చాలకాలము పట్టెను. 1923వ సంవత్సరపు కూలిచట్టము ప్రకారము ఏడేండ్లు మొదలు పదునాలుగేండ్ల లోపు పిల్లలు పదిమంది కాపురమున్న తోటలో దొరలు బడి పెట్టవలసి యుండెను. బడులు పెట్టిరి. అయితే పెక్కుచోట్ల కంగాణియో, గుమాస్తాయో, నాలుగక్షరములు వచ్చిన కూలియో పంతులయ్యెను. నాలుగైదు తరగతులతో చదువు ముగిసెడిది. ఆ బడిలో నేర్చిన తెలుగు గాని తమిళము గాని పట్టణమునందలి ఇంగ్లీషు పాఠశాలలో చేరుటకు పనికిరాదాయెను. తెలుక్ ఆన్సన్ పట్టణమున మెథడిస్టు మిషనువారు 1899లో పెట్టిన పాఠశాల వంటివి దిగువ పేరాక్ తోటలకు అందుబాటులోనే యుండెను గాని, కూలివాని బిడ్డకు ఆ దూరము తాతలు దాటివచ్చిన సముద్రముకంటె పెద్దదై యుండెను.

1957వ సంవత్సరపు విద్యాశాసనము వచ్చిన పిమ్మట తోట బడులు దేశవిద్యలో భాగమయ్యెను. అప్పటికిని ఆరవ తరగతి కొనయందు ప్రవేశపరీక్ష యొకటి అడ్డుగా నిలిచెను. అందులో తప్పినవాడు పండ్రెండేండ్లకే తోటలోనికి నడిచెడివాడు. 1964తో ఆ పరీక్ష నిలిచిపోయెను. 1965 నుండి ఆరవ తరగతి చదివిన బిడ్డలందరును ఫారము బడికి పోవచ్చునను ఏర్పాటు జరిగెను. 1975లో పాఠ్యపుస్తకములు ఎరువిచ్చు పద్ధతి వచ్చెను. 1976లో ఇంగ్లీషు పాఠశాలలయందు మొదటి ఫారము పాఠములు మలయ భాషలోనికి మారెను. తెలుగు బిడ్డల సంగతి ఇంకను చిక్కైనది. దిగువ పేరాక్ కొబ్బరితోటలలో ఒకప్పుడు తెలుగు బడులు నడిచినవి. అవి మూతపడగా పిల్లలు తమిళ బడులకు పోయిరి. కాబట్టి ఇంటిలో ఒక భాష, తోట బడిలో రెండవ భాష, ఫారము బడిలో మూడవ భాష. దీనిపైన ఇంగ్లీషు ఉండనే యున్నది.

బాగన్ దాతుక్ వైపు తోటలలో ఒకదానియందు ఒకే లైనులో ఇద్దరు బాలురుండిరి. ఒకడు అన్న కొడుకు, ఒకడు చెల్లెలి కొడుకు. నాలుగు నెలల తేడా. ఒకరినొకరు “బావా” యని పిలుచుకొందురు. ఒకే తమిళ బడిలో, ఒకే బల్లమీద ఆరేండ్లు చదివిరి. అప్పటికింకను ఆరవ తరగతి పిల్లలకు యూ.పీ.ఎస్.ఆర్. పరీక్ష జరుగుచుండెను. అది 1988లో మొదలై 2019లో కడసారి జరిగినది. 2021లో ప్రభుత్వమువారు దానిని రద్దుచేసిరి. తమిళ బడులవారును చీనా బడులవారును మలయ భాషలో రెండు పత్రములు వ్రాయవలసి యుండెను. చదివి గ్రహించుటకు ఒకటి, సొంతముగా వ్రాయుటకు ఒకటి. రెండింటిలోను కనీసము సి రానివారిని మొదటి ఫారములో చేర్చుకొనక, ఒక యేడు రిమూవు తరగతిలో కూర్చుండబెట్టుచుండిరి. మలయ భాషలో దాని పేరు పెరాలిహాన్; ఒక స్థితి నుండి మరొక స్థితికి మారుట అని అర్థము. పేరు మంచిదే. తోటలో మాత్రము దానిని “తప్పినోళ్ళ క్లాసు” అనిరి.

నవంబరులో ఫలితములు వచ్చెను. మేనత్త కొడుకునకు రెండు పత్రములలోను సి వచ్చెను. మేనమామ కొడుకు లెక్కలలో వానికంటె మేలుగా తేరెను గాని, మలయ వ్రాతలో డి వచ్చెను. తల్లి అర్థము కాక, “లెక్కల్లో ముందున్నోడు యెనకెలాగ పడిపోతాడు?” అని అడిగెను. ఆ ప్రశ్న తప్పు కాదు. గురువు పాఠము చెప్పు భాష రాని పిల్లవానికి లెక్క వచ్చినను ప్రశ్న అర్థము కాదు గదా యని పెద్దలు చెప్పుదురు. అయినను పదుమూడవ యేట అడుగు పెట్టిన బాలునకు ఈ న్యాయము వినబడదు. బావ ముందుకు పోయెను, తాను నిలిచిపోయెను అనునంతవరకే వినబడును.

ఇద్దరికిని ఆకుపచ్చ లాగులే. ఇద్దరును ఒకే బస్సు. గదులు చాలని పాఠశాలలలో పెద్ద ఫారములవారు ఉదయమునను, రిమూవు, ఒకటవ, రెండవ ఫారములవారు మధ్యాహ్నమునను చదువుట యుండెను. ఈ పాఠశాలయు అట్టిదే. బస్సు ఎక్కునప్పుడు ఎండ నడినెత్తిన నుండును, దిగునప్పుడు లైనులో దీపములు వెలుగును. బట్టలు చూచి వీడు ఫారము, వాడు రిమూవు అని ఎవరును చెప్పలేరు. బడి గేటు దాటగానే ఒకడు కుడికి, ఒకడు ఎడమకు పోవలెను. ఆ పది అడుగుల దూరము మొదటి నెలలంతయు ఆ పిల్లవానికి మిక్కిలి కష్టమాయెను. బావ తన క్రొత్త స్నేహితులతో పోవునప్పుడు వీడు చెప్పుల దుకాణమువైపు చూచుచు నడుచువాడు.

రిమూవు తరగతినిగూర్చి తలిదండ్రులకు సామాన్యముగా తెలియని సంగతి యొకటున్నది. ఆ గదిలో మలయ బిడ్డలుండరు. మలయ బడులనుండి వచ్చినవారు నేరుగా మొదటి ఫారమునకే పోవుదురు. ఈ గదిలో సగము చీనా బడి పిల్లలు, సగము తమిళ బడి పిల్లలు. వారి భాష వీరికి రాదు, వీరి భాష వారికి రాదు. పెన్సిలు అడుగవలెనన్నను, బంతి తన్నుమనవలెనన్నను, కోపము వచ్చి తిట్టవలెనన్నను వచ్చీరాని మలయ భాష తప్ప వేరు దారి లేదు. అందరును సమానముగా తప్పులు మాటలాడుదురు గనుక ఒకరిని చూచి ఒకరు నవ్వరు. మొదటి ఫారములో చేరిన బావకు ఆ భాగ్యము లేకపోయెను. నిండుగా మలయ భాష తెలిసినవారి నడుమ నోరు తెరచుటకు సిగ్గుపడి వాడు మూడు నెలలు మాటలాడనే లేదు. ఈ సంగతి వాడు ఇంటిలో చెప్పలేదు. బస్సులో బావకు మాత్రము చెప్పెను.

రిమూవు తరగతి గురువమ్మ తెలుక్ ఇంతాన్‌లోని వాలు గోపురమునుగూర్చి పది వాక్యములు వ్రాసి తెమ్మనెను. 1885లో కట్టిన ఆ గోపురము, నీటితొట్టియు గడియారమును గలది, ఆ ప్రాంతపు పిల్లలందరును ఎరిగినదే. తెలుక్ ఆన్సన్ పేరు 1982లో తెలుక్ ఇంతాన్ అయినను గోపురము అట్లే వాలి యున్నది. పిల్లవాడు నాలుగు వాక్యములు వ్రాసి ఆగిపోయెను. దీపము దగ్గర ఆ నాలుగింటినే పైకి చదువుచుండగా, ప్రక్కన ఈనెలు చీల్చుచున్న మామ్మ తలయెత్తి, “ఏటన్నావు? బూమి అన్నావా? అది మన మాటే గదరా” అనెను.

అది నిజమే. మలయ భాషలో భూమిని బూమి యనియే యందురు. భాషను బహాసా యందురు. గురువు గురువే. నామము నామా, ముఖము ముకా, బీజము బీజి, మధువు మాదు, సింహము సింగా, మనుష్యుడు మనుసియా. పూర్వకాలమున ఆ దీవులలో సంస్కృతము వ్యాపించియుండుటచేత ఈ మాటలు నిలిచిపోయినవి. పాఠశాల వసతిగృహమును అస్రామా యందురని తెలియగానే మామ్మకు ఋషుల ఆశ్రమము జ్ఞప్తికి వచ్చి చాల సంతోషించెను. సంతోషమనునది కూడ ఆ భాషలో సెంతోసా యయి శాంతియను అర్థమునకు మారినది. కెపాలా యనగా తల. కపాలము అనుకొని పిల్లవాడు కొంత జడిసెను. సువామి యనగా భర్త. “ఆడోళ్ళు మొగుణ్ణి సామి అనుకుంటారా? మలయోళ్ళు కూడా అంతేనేటి?” అని మామ్మ నవ్వెను. తమిళము నుండి వచ్చినవియు కలవు: దుకాణము కెడై, ఓడ కపాల్. పిల్లవాడు నోటుపుస్తకపు కడపటి పుటలో ఈ మాటలను వరుసగా వ్రాయ నారంభించెను. కొన్ని వారములకు అవి ముప్పది దాటెను. ఒకనాడు గ్రంథాలయపు గోడమీద పెర్పుస్తకాన్ అని చదివి, ముందున్న పెర్, వెనుకనున్న ఆన్ తీసివేయగా నడుమ పుస్తకము మిగిలినదని తానే కనుగొనెను.

ఇట్టి మాటలచేతనే పరీక్ష తేరుననుకొనరాదు. ఆ భాషలో క్రియలకు ముందు మె, బెర్ మొదలగునవి చేర్చు విధము వేరు. అది మామ్మ చెప్పగలది కాదు, గురువమ్మ చెప్పవలసినది. అయినను తన ఇంటి మాట పుస్తకములో కనబడిన పిల్లవానికి పుస్తకము పరాయిది కాదను ధైర్యము కలిగెను. తమ తెలుగు పిల్లల చదువునకు అడ్డమని తలచి ఇంటిలో తెలుగు మానిపించు తలిదండ్రులు తోటలలో కొందరున్నారు. వారు ఈ ముప్పది మాటల పట్టీని చూడదగును.

ఇంత జరిగినను జూలై మాసమున వాడు బడి మానెను. కారణము పెద్దది కాదు. ఆటస్థలములో రెండవ ఫారము పిల్లవాడొకడు వీనిని పేరుతో పిలువక “రిమూవు” అని పిలిచెను, చుట్టునున్నవారు నవ్విరి, నవ్వినవారిలో బావయు ఉండెను. మరునాడు వాడు బస్సెక్కలేదు. తండ్రితో కూడ పామాయిలు తుండులోనికి పోయి గెలలనుండి రాలిన పండ్లు ఏరెను. తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. బస్తాలు త్వరగా నిండుచుండెను. ఆ మౌనమే మిక్కిలి ప్రమాదకరమైనది. తోట బిడ్డల చదువు ఎక్కువగా తగవుతో ఆగదు. తండ్రి పనికి ఒక చేయి తోడై, దినమునకు కొంత ఎక్కువ కూలి చేతికి వచ్చి, ఎవరును ఏమియు అనకుండగనే వారము గడచును, నెల గడచును. బడిలో అడిగినవారికి బావ “జ్వరము” అని చెప్పుచు వచ్చెను. రెండు వారములు జ్వరము ఉండెను.

రెండవ ఆదివారము ప్రార్థన ముగిసి జనులు బయటికి వచ్చు వేళకు చీనా పిల్లవాడొకడు సైకిలు త్రొక్కుకొనుచు లైనులోనికి వచ్చెను. కుక్కలన్నియు మొరిగినవి. వాని తండ్రి రోడ్డు ప్రక్క కూరగాయలు పండించువాడు. రిమూవు గదిలో ఆ ఇద్దరును ఒకే బెంచీ మీద కూర్చుండువారు. వాడు చొక్కాయి జేబులోనుండి మడిచిన కాగితములు తీసి ఇచ్చెను. రెండు వారముల పాఠములు వాటిలో వ్రాసియుండెను. జ్వరము తగ్గెనా యని వచ్చీరాని మలయ భాషలో అడిగెను. జ్వరము లేదని తెలిసి కొంచెము సేపు ఊరకుండి, “బెంచీ మీద నా ప్రక్కను ఎవరును లేరు” అనెను. మామ్మ వానికి కొబ్బరి నీళ్ళిచ్చెను. వాడు త్రాగి పోయెను. వాడు ఇంకేమియు చెప్పలేదు, చెప్పుటకు అంత భాషయు వానికి రాదు.

సోమవారము మధ్యాహ్నము ఇద్దరు బావలును ఒకే బస్సెక్కిరి. నవ్విన దానినిగూర్చి ఒకరును మాటలాడలేదు. బస్సు దిగి గేటు దాటిన తరువాత బావ తన స్నేహితులవైపు పోక, రిమూవు గది గుమ్మము వరకు వచ్చి తిరిగి పోయెను.

బాలికల సంగతి ఇంతకంటె కఠినము. మధ్యాహ్నపు బడి వలన వారు ఇల్లు చేరునప్పటికి చీకటిపడును. రోడ్డునుండి లైను వరకు తోటలో నడువవలెను. పెద్దమనిషి యైన పిల్లను ఆ చీకటిలో నడిపింపనొల్లక బడి మాన్పించిన ఇండ్లు కలవు. తల్లుల భయమును తప్పుపట్టుట సులభము, రోడ్డుకు ఎదురుపోవుట కష్టము. కొన్ని లైనులలో తండ్రులు వంతులు వేసికొని టార్చిలైటుతో బస్సు దగ్గర నిలిచి పిల్లలనందరిని ఒక గుంపుగా తీసికొని వత్తురు. దానికి ఖర్చు రెండు బ్యాటరీలు.

మరుసటి సంవత్సరము పిల్లవాడు మొదటి ఫారములో అడుగుపెట్టెను. ఇప్పుడు వానికంటె చుట్టునున్నవారందరును ఒక యేడు చిన్నవారు. వాడే పొడుగు. గొంతు మారుచుండుటచేత పాఠము చదువునప్పుడు సగములో కీచుమనును. మార్కుల వరుసను బట్టి తరగతులు చేసిన ఆ పాఠశాలలో రిమూవు నుండి వచ్చినవారికి తరచుగా కడపటి తరగతులే దొరికెను. ఈ పద్ధతి మంచిది కాదు. వెనుకబడినవారినందరిని ఒక గదిలో నుంచినయెడల ముందుకు లాగువాడెవడు? చీనా మిత్రుడు వేరొక తరగతికి పోయెను. బెంచీ మీద ఈసారి ప్రక్కను కూర్చుండినవాడు బాగన్ దాతుక్ చేపలవాని కొడుకు, మలయ బాలుడు.

వానికి లెక్కలు రావు. వీనికి కరాంగాన్, అనగా వ్యాసము, రాదు. కొబ్బరికాయలను వందలుగా, వేలుగా లెక్కపెట్టు తండ్రి ప్రక్కన పెరిగినవాడు గనుక భిన్నములు వీనికి ఆటవలె నుండెను. ఒకరి నోటుపుస్తకము ఒకరు తీసికొనిరి. మహమ్మదీయ బిడ్డలు తమ మతపాఠమునకు పోవునప్పుడు మిగిలినవారు నీతిపాఠమునకు పోవుదురు. ఆ గంట తప్ప దినమంతయు ఇద్దరును కలిసియే యుండిరి. రంజాను నెలలో ఆ మలయ బాలుడు ఉపవాసముండగా వీడు తన అన్నపు డబ్బాను వాని యెదుట తెరువక గ్రంథాలయపు వెనుకకు పోయి తినెను. ఉపవాసమును మలయ భాషలో పువాసా అందురు. అదియు కడపటి పుటలో చేరెను.

రెండేండ్లలో పిల్లలు ఎంత మారుదురో తోటివారే ముందుగా చూతురు. రిమూవు అని పిలిచి నవ్వించిన బాలుడు మూడవ ఫారము మధ్యలో బడి మాని పట్టణములో మోటారుబండ్ల మరమ్మతు నేర్చుకొనుటకు పోయెను. నోరు తెరువని బావ వక్తృత్వపు పోటీలో నిలిచెను. గెలువలేదు గాని నిలిచెను. చీనా మిత్రుడు ఇప్పుడు పొడుగై, మలయ భాష గడగడ మాటలాడుచు, ఒకప్పుడు మాటలు దొరకక ఊరకుండిన సంగతి మరచిపోయెను.

తలిదండ్రులలో ఒక భయమున్నది: ఒక యేడు పోయెనే యని. లెక్క చూచినయెడల అది నిజమే. మొదటి ఫారమునకు నేరుగా పోయినవాడు పదునేడేండ్లకు ఐదవ ఫారము పరీక్ష, ఎస్.పీ.ఎం., వ్రాయును, రిమూవు చదివినవాడు పదునెనిమిదేండ్లకు. ఒక యేటి కూలి, ఒక యేటి బస్సు బాడుగ కూలింటికి చిన్న మొత్తములు కావు. బావ ఐదవ ఫారము ముగించి పోయిన తరువాత ఈ పిల్లవాడు ఇంకొక సంవత్సరము ఒంటరిగా బస్సెక్కెను. ఆ యేడు ఇంటిలో క్రొత్త లాగు కుట్టించుటకు డబ్బు లేకపోగా మేనత్త తన కొడుకు విడిచిన ఆకుపచ్చ లాగును పంపెను. పిల్లవాడు బావకంటె పొడుగై యుండెను. తల్లి ఆ లాగు అంచు విప్పి, లోపల మడిచియున్న బట్టనంతయు క్రిందికి దించి, మరల కుట్టెను.